వెనక చక్రం మీద పులిహోర

మిషిగన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. మా ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఉత్తరంగా నాలుగు గంటలు పోతే ఒక పెద్ద వంతెన వస్తుందని, దాని అవతల కూడా మా రాష్ట్రమే ఉందని తెలుసు. అయినా ఎప్పుడూ వెళ్లలేదు. ఎవరిదో సీమంతం అంటే న్యూజెర్సీలో ఎడిసన్ దాకా పది గంటలు కారు నడిపినవాణ్ణి, సొంత రాష్ట్రం చూడటానికి బద్ధకించాను. ఎవరైనా అడిగితే "అక్కడేముంది, చెట్లు తప్ప" అని కొట్టిపారేసేవాణ్ణి. పోయిన సెప్టెంబరు చివర్లో వెళ్లి వచ్చాను. వెళ్లనివాళ్ల కోసం ఉన్నదున్నట్టు చెబుతున్నాను: అక్కడ చెట్లే ఉన్నాయి. కాకపోతే వాటి మధ్యలోంచి ఒక దారి ఉంది, ఆ దారి గురించే ఈ రాత.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా రెండు కాళ్లూ పడిపోయాయి. కాళ్లకు ఇనుప కడ్డీల కాలిపర్స్ కట్టుకుని చంకకర్రలతో ఇంట్లో, ఆఫీసులో నడుస్తాను. కారు చేతులతోనే నడుపుతాను. దూరం అయితే చక్రాల కుర్చీ. తెనాలిలో చదువుకునే రోజుల్లో మూడు చక్రాల బండి ఉండేది. దాన్ని చేతులతో తిప్పుకుంటూ బడికి వెళ్తుంటే దారిలో ఎవరో ఒకరు వెనక చెయ్యి వేసి తోసేవారు. పాలవాడు, పోస్టుమ్యాన్, ముక్కూ మొహం తెలియని పెద్దమనుషులు. తోయమంటావా అని ఒక్కరూ అడిగేవారు కాదు. వాళ్ల మంచితనం కాదనను, ఆ చేతులు లేకపోతే నేను పదో తరగతి కూడా దాటేవాణ్ణి కాదు. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నా వీపు వెనక ఎవరిదో ఒక చెయ్యి ఉంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక దారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎవరి చెయ్యీ పడకుండా వెళ్లాలని నా కోరిక. నలభై ఆరేళ్లొచ్చినా అది తీరలేదు.

ఆ వంతెన అవతల, సుపీరియర్ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, నాలాంటివాళ్లు అడవి దారుల్లో తిరగడానికి చేతులతో తిప్పే మూడు చక్రాల బండ్లు ఉచితంగా ఇస్తారని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ముందు రెండు లావుపాటి చక్రాలు, వెనక ఒకటి. చేతి పెడళ్లు తిప్పితే వెనక చక్రం తిరుగుతుంది, ఎత్తుల్లో చిన్న బ్యాటరీ మోటారు సాయం చేస్తుంది. ఫోటో చూపిస్తే నా భార్య సుజాత కళ్లజోడు సవరించుకుని, "మోటారు తోస్తే తోసినట్టు కాదా అండీ?" అంది.

"మోటారు అయ్యో పాపం అనదు కదా," అన్నాను. ఆ వారమే బుక్ చేశాను.

వంతెన మీద

మాతో మా బావమరిది చైతన్య కూడా వచ్చాడు. జెర్సీ సిటీలో ఇరవై రెండో అంతస్తులో ఉంటాడు, రోజూ రైలెక్కి మన్‌హాటన్ వెళ్లి ఒక బ్యాంకులో కోడ్ రాస్తాడు. బంగారంలాంటి కుర్రాడు. వాడితో ఒకటే ఇబ్బంది. నేను కుర్చీలో కూర్చోవడమే ఆలస్యం, వాడి రెండు చేతులూ వెనక హ్యాండిళ్ల మీద ఉంటాయి. అది వాడికే తెలియదు. ఒకసారి షాపింగ్ మాల్‌లో ఫోన్ మాట్లాడుతూ వేరే ఎవరిదో ట్రాలీని కూడా అలాగే తోసుకుంటూ పోయాడు.

అందుకే కారు ఊరు దాటకముందే చెప్పేశాను.

"చైతూ, ఒక కండిషన్. ఈ ట్రిప్‌లో నా బండి మీద చెయ్యి వేయకూడదు."

"స్టక్ అయితే?"

"అయినా సరే."

"మరి పడిపోతే బావా?"

"పడ్డాక లేపు. పడకముందు తోయకు."

"అక్కా, చూడవే ఎలా మాట్లాడుతున్నాడో."

"మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి," అని సుజాత పప్పుచెక్కల డబ్బా మూత తీసింది.

వంతెన అయిదు మైళ్లు. టోల్ నాలుగు డాలర్లు. కింద రెండు మహా సరస్సులు కలుస్తాయి. లోపలి వరుసలో రోడ్డు బదులు ఇనుప జల్లెడ పరిచారు, దాని సందుల్లోంచి నీళ్లు కనిపిస్తాయి. నేను కావాలనే ఆ వరుసలో నడిపాను. చక్రాలు జుమ్మని మోగుతుంటే సుజాత కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయస్వామిని తలుచుకుంది. అవతల ఒడ్డు చేరగానే కళ్లు తెరిచి, రిటర్న్‌లో బయటి వరుసలో పోకపోతే దిగి నడుస్తానని ప్రమాణం చేసింది.

తొమ్మిది డాలర్ల పేస్టీ

వంతెన అవతలి జనం తినేదాన్ని పేస్టీ అంటారు. అరచేయంత పిండి పొట్లంలో బంగాళదుంప, ఉల్లిపాయ, ముల్లంగికి చుట్టంలాంటి ఒక దుంప, మాంసం పెట్టి కాలుస్తారు. మన కర్రీ పఫ్‌కి పెద్దన్న అనుకోండి. ఒకప్పుడు గనుల్లోకి దిగే కార్మికులు జేబులో పెట్టుకుపోయేవారట. దారి పక్కన ఒక చిన్న కొట్లో మాకోసం మాంసం లేనివి మూడు దొరికాయి, ఒక్కోటి తొమ్మిది డాలర్లు. కొట్టు నడిపే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "కెచప్పా, గ్రేవీనా?" అని అడిగింది. ఇది మామూలు ప్రశ్న కాదని తర్వాత తెలిసింది. ఇళ్లలో ఈ విషయం మీద అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారట.

సుజాత రెండూ వద్దని బ్యాగులోంచి కందిపొడి, నెయ్యి తీసింది. ఆవిడ వింతగా చూసి, వేలితో కాస్త నాలుక మీద వేసుకుంది. మొహం ఎర్రగా అయిపోయింది, దగ్గింది, మంచినీళ్లు తాగింది. తర్వాత ఒక కాగితం కప్పు తెచ్చి, "ఇందులో కాస్త వేస్తావా, మా ఆయనకి రాత్రి చెప్పకుండా పెడతాను," అంది. బదులుగా పేస్టీల డబ్బు తీసుకోనంది, ఆవిడ తీసుకునేదాకా మేం ఊరుకోలేదు.

పక్కన అడవి పళ్ల జామ్ అమ్ముతున్నారు. గోలీసోడా గుటకంత సీసా పద్దెనిమిది డాలర్లు. ఆ పళ్లు పొలంలో పండవట, అడవిలోకి వెళ్లి ఒక్కొక్కటీ కోయాలట. "ఈ డబ్బుతో ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో మన హోటల్లో కడుపునిండా భోంచేయొచ్చు," అని సుజాత పెదవి విరిచింది. విరిచి, రెండు కొంది.

డేల్ గారి షెడ్డు

బండ్లు ఇచ్చే పెద్దాయన పేరు డేల్. డెబ్బై దాటాయి. ఇనుప గనిలో లారీలు బాగుచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు ఈ బండ్లు బాగుచేస్తాడు. షెడ్డులో గ్రీజు వాసనతో పాటు యాలకుల వాసన వస్తోంది. సుజాత కుక్కపిల్లలా ముక్కు ఎగరేసింది. అమెరికావాళ్ల షెడ్డులో యాలకులా! ఆయన తాతలు ఫిన్లాండ్ నుంచి వచ్చారట, వాళ్ల రొట్టెలో యాలకులు లేకుండా ఉండవట. తలా ఒక ముక్క కోసి ఇచ్చాడు. తియ్యగా, మెత్తగా, మన పెళ్లిళ్ల వాసనతో ఉంది. సుజాత అక్కడికక్కడే ఆయనకి సగం మార్కులు వేసేసింది.

బండిని బయటికి తెచ్చి వెనక చక్రం పైన ఉన్న షాక్ అబ్జార్బర్ చూపించాడు. చెయ్యంత గొట్టం, అందులో స్ప్రింగు లేదు, గాలే ఉంది. మనిషి బరువును బట్టి గాలి పెంచాలి, తగ్గించాలి. గొట్టంలోకి దిగే కడ్డీ మీద ఒక నల్ల రబ్బరు రింగు ఉంది. మనిషి కూర్చోగానే వెనక భాగం కొంచెం దిగుతుంది, దిగినంత మేర రింగు జరుగుతుంది. కడ్డీ పొడవులో నాలుగో వంతు జరిగితే సరిగ్గా ఉన్నట్టు.

"తక్కువ దిగితే ప్రతి చెట్టు వేరూ మీ వెన్నుకి తెలుస్తుంది," అన్నాడు డేల్. "ఎక్కువ దిగిపోతే, అసలు గుంట వచ్చినప్పుడు దిగడానికి ఇంకేం మిగలదు. దారిలో ఎలా వెళ్తారో అలా కూర్చోండి, పంపు తెస్తాను."

ఇక్కడ నేను చేసిన పని మనవాళ్లు తప్ప లోకంలో ఇంకెవరూ చేయరు. బరువు అన్న మాట చెవిన పడింది కదా! మనకి తూకం అంటే చెప్పులు విప్పడం. రైల్వేస్టేషన్‌లో రంగు బల్బుల మెషీన్ ఎక్కినా, డాక్టరు దగ్గర కాటా ఎక్కినా, జేబులో తాళాలు కూడా తీసి పక్కవాడి చేతిలో పెడతాం. డేల్ పంపుతో వచ్చేసరికి నేను బూట్లు విప్పాను, కాలిపర్స్ విప్పాను, జాకెట్, ఫోన్, పర్సు, హెల్మెట్ అన్నీ సుజాత ఒళ్లో పోసి, చొక్కా ప్యాంటుతో బండిలో బుద్ధిగా కూర్చున్నాను.

ఆయన చూసి, "అంతా సరేనా? ఇలాగే వెళ్తారా?" అన్నాడు.

"ఇలాగే," అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తట్టనే లేదు.

గాలి కొట్టాడు, రింగు చూశాడు, కాస్త వదిలాడు, మళ్లీ చూశాడు, పంపు ముల్లు నూట ఇరవై దగ్గర ఉండగా ఆపాడు. ఇంకో కుటుంబం ఎదురుచూస్తుంటే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను కాలిపర్స్ కట్టుకుని, బూట్లు వేసుకుని, జాకెట్ తొడుక్కున్నాను. సుజాత కారులోంచి బ్యాగు తెచ్చి సీటు వెనక తగిలించింది. అందులో పులిహోర, పెరుగన్నం, రెండు పెద్ద సీసాల నీళ్లు, ఫ్లాస్కులో టీ, ఆవకాయ, పప్పుచెక్కలు, గొడుగు, అందరి స్వెటర్లు ఉన్నాయి. నాలుగు మైళ్ల దారి అది. అడవిలో ఆకలేస్తే ఎలా అని తన భయం.

మొదటి మైలు

దారి మొదట్లో నున్నగా ఉంది. రెండు వైపులా మేపుల్ చెట్లు, కుంకుమ రంగొకటి, పసుపు రంగొకటి. పెడళ్లు తిప్పుతుంటే మట్టి మెత్తగా జారిపోతోంది. నాకు ఎంత సంతోషం వేసిందంటే పాట అందుకున్నాను. వెనకాల సుజాత, చైతూ నడుస్తున్నారు. చైతూ ఒక అడుగు దూరంలో ఉండాలని మాట తీసుకున్నాను, వాడు సరిగ్గా ఒక్క అడుగు దూరంలోనే ఉన్నాడు.

వేర్లు మొదలయ్యాక వెనక నుంచి టక్కుమంది. ఇంకో వేరు, ఇంకో టక్. ప్రతి దెబ్బా నడుములోంచి తలలోకి వచ్చింది. మైలు దాటాక పైన్ చెట్ల మధ్య ఒక ఎత్తు వచ్చింది. సగం ఎక్కేసరికి బండి వెనక్కి చతికిలబడి, ముందు చక్రాలు తేలిపోయి, ఎటు తిప్పితే అటు కాక దాని ఇష్టం వచ్చినట్టు పోయింది. ఒక మొద్దుకి ఆనుకుని ఆగిపోయాను. ఊపిరి పీల్చుకుని మళ్లీ తిప్పుదామనుకున్నాను.

ఇంతలో బండి దానంతటదే పైకి కదిలింది. వెనక్కి తిరగకుండానే తెలిసింది. ఆ రెండు చేతుల బరువు నాకు నిద్రలో కూడా తెలుస్తుంది.

ఒళ్లు మండిపోయింది. "చెయ్యి తియ్యరా! నేనేమన్నా సామానా, ఎక్కడ పెడితే అక్కడికి నెట్టుకుపోవడానికి? ఒక్క రోజు, ఒక్క రోజు నన్ను మనిషిలా వదిలేయలేవా?" అని అరిచాను. అడవి కాబట్టి ఇంకా పెద్దగా వినపడింది.

చైతూ చేతులు తీసేశాడు. మొహం చిన్నబుచ్చుకుని, ఏమీ అనకుండా పక్కకి నిలబడ్డాడు. వాడు ఒక మాటంటే నాకు బాగుండేది. సుజాత నా వైపు చూసిన చూపు గురించి రాయను. ఆ రోజు అక్కడి నుంచే వెనక్కి తిరిగాం. పులిహోర కారులో తిన్నాం.

రెండో రోజు, రాయిలాగా

మర్నాడు పొద్దున డేల్ చేపలు పట్టడానికి పోయాడు. షెడ్డు తాళం, పంపు మాకిచ్చి వెళ్లాడు. నేను పద్దెనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, ఏది ఎందుకు పాడైందో కనిపెట్టడమే నా వృత్తి. వెనక భాగం కూలబడుతోంది కాబట్టి గాలి చాలలేదు, గాలి చాలలేదు కాబట్టి కొట్టాలి. కొట్టాను. నూట ఇరవై నుంచి రెండు వందల పది దాకా కొట్టాను. కూర్చుంటే రింగు వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఆహా, కదలనే కదలదు అని మురిసిపోయాను. ఎంత కదలాలో డేల్ ముందు రోజే చెప్పిన సంగతి నాకు గుర్తుంది. గుర్తుండి కూడా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను.

అబ్బో, ఆ రోజు సంగతి అడగకండి. తెనాలిలో గుంటల రోడ్డు మీద ఎడ్లబండి ఎక్కినా అంత కుదుపు ఉండదు. ప్రతి వేరు మీదా వెనక చక్రం గాల్లోకి ఎగిరి పడింది, పళ్లు టకటకా కొట్టుకున్నాయి. అదే ఎత్తు దగ్గర మోటారు రొద పెడుతూ తిరుగుతోంది, చక్రం నేలకి ఆనదు, ఆనినచోట మట్టి చిమ్ముతుంది. బండి ఇంచు కదలదు.

చైతూ అయిదడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. బడిలో శిక్ష పడ్డవాడిలా ఉన్నాడు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంతలో ఎదురుగా వస్తున్న ఒకావిడ ఆగి, "సాయం కావాలా?" అని అడిగింది. వద్దన్నాను. "సరే, జాగ్రత్త," అని వెళ్లిపోయింది. అంతే! మన దగ్గర అయితే ఈపాటికి నలుగురు చేరి, బండితో సహా నన్ను కొండ మీద పెట్టి, కాఫీ తాగుతావా బాబూ అని అడిగేవారు. అడగడం గొప్పా, అడక్కుండా చేయడం గొప్పా అని అక్కడే కూర్చుని ఆలోచించాను. రెండూ కావాలనిపించింది, నాకెప్పుడు ఏది కావాలో వాళ్లకి తెలిసిపోతే బాగుండుననిపించింది. బ్రేకు వదులుతూ పట్టుకుంటూ వెనక్కే దిగాను. ఎవరూ ముట్టుకోలేదు, కానీ పైకి చేరలేదు.

మిగిలింది ఒక్క పూట. ఆ మర్నాడు మధ్యాహ్నానికి బండి తిరిగి ఇచ్చేయాలి.

సూట్‌కేసు కాటా

మధ్యాహ్నం షెడ్డుకి వచ్చేసరికి డేల్ చేపలు కడుగుతున్నాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, బండి సీటు మీద అరచేతితో అదిమాడు. అది కదల్లేదు.

"ఇది బండా, బల్లా?" అన్నాడు.

జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కాళ్లకి కాలిపర్స్ చూశాడు, బూట్లు చూశాడు, జాకెట్ చూశాడు. "నిన్న ఇవి లేవు," అన్నాడు నెమ్మదిగా. తర్వాత సీటు వెనక బ్యాగు పట్టుకుని ఎత్తబోయి, "ఓ దేవుడా," అని వదిలేశాడు. "ఇందులో ఏముంది?"

"ఫుడ్," అంది సుజాత.

"ఎన్ని రోజులకి?"

చైతూ అప్పటిదాకా మూల నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఏమనుకున్నాడో కారు దగ్గరికి పరుగెత్తి, సూట్‌కేసులు తూచే చేతి కాటా పట్టుకొచ్చాడు. రెండు వారాల కిందటే ఇండియా వెళ్లి వచ్చాడు, అది ఇంకా వాడి బ్యాగులోనే ఉంది. అమెరికాలో మనవాళ్లింట్లో దేవుడి పటం లేకపోవచ్చు కానీ విమానం పెట్టెల్ని ఇరవై మూడు కిలోలకి తూచే ఆ కాటా లేకుండా ఉండదు.

బ్యాగు కొక్కేనికి తగిలించి ఎత్తాడు. పదకొండు కిలోల నాలుగు వందలు. కాలిపర్స్ విప్పి ఇచ్చాను, నాలుగు కిలోలు. బూట్లు, జాకెట్, హెల్మెట్, ఇంకో మూడు. "పద్దెనిమిదిన్నర కిలోలు బావా!" అన్నాడు కళ్లు పెద్దవి చేసి. "రెండో తరగతి పిల్లాణ్ణి వెనకేసుకుని తిరుగుతున్నావు."

డేల్ నవ్వీ నవ్వీ గోడకి ఆనుకున్నాడు. అంత నవ్వినా, మర్యాదగా అడిగాడు, తూకానికి అన్నీ ఎందుకు విప్పారు అని. చెప్పులు విప్పే సంగతి వివరించాను. ఆయనకి అర్థమైంది. వాళ్లావిడ కూడా డాక్టరు దగ్గర గాజులు తీసేస్తుందట.

"అయితే పులిహోర తీసేయాలా?" అంది సుజాత. గొంతులో నిజమైన దిగులుంది.

"ఎందుకు తీయాలి? తెచ్చుకున్నదేదో తెచ్చుకోండి, నాకు చెప్పండి, చాలు," అన్నాడు డేల్. "దాచి పెట్టుకుంటే బండికి తెలుస్తుంది."

ఈసారి అన్నీ కట్టుకుని, తొడుక్కుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. బ్యాగుని వెనక వేలాడదీయకుండా సీటు కిందికి, రెండు ముందు చక్రాల వైపు జరిపి బెల్టుతో బిగించాడు. గాలి వదిలాడు, కొట్టాడు, వదిలాడు, నూట యాభై అయిదు దగ్గర రింగు సరిగ్గా నాలుగో వంతు దగ్గర ఆగింది. షాక్ కింది చివర ఒక ఎర్ర మర ఉంది, ఒకవైపు తాబేలు బొమ్మ, ఇంకోవైపు కుందేలు బొమ్మ. దిగిన వెనక భాగం ఎంత త్వరగా తిరిగి లేవాలో అది చెబుతుంది. తాబేలు వైపు టిక్కు టిక్కుమని రెండు మెట్లు తిప్పి, "ఎగరదు," అన్నాడు.

బయటికొచ్చాక చైతూని పిలిచాను. పెద్దవాణ్ణి, బావని, ఎలా చెప్పాలి? "నిన్న ఎక్కువ అన్నానురా. సారీ," అన్నాను చివరికి.

"సారీ ఏంటి బావా. ముందే చెప్పావుగా, నేనే వినలేదు." తన చేతులకేసి చూసుకుంటూ అన్నాడు, "యాక్చువల్‌గా నాకు చెయ్యి వేశానని తెలీదు బావా. నువ్వు ఆగిపోగానే చేతులు వెళ్లిపోతాయి. రేపు ఏమైనా పట్టుకుని నడుస్తా."

"ఏం పట్టుకుంటావ్?"

"ఆవకాయ సీసా. రెండు చేతులతో. అది పడేస్తే అక్క నన్ను బతకనివ్వదు."

నీళ్ల దాకా

మూడో రోజు పొద్దున మంచు పొగ ఇంకా చెట్లలో ఉండగా బయలుదేరాం. నాలుగు మైళ్లు. అవతలి చివర సరస్సు ఒడ్డుకి డేల్ తన పికప్ ట్రక్కు తెస్తానన్నాడు. సుజాత దేవుడికి దణ్ణం పెట్టి బండి ముందు చక్రాలకి కుంకుమ పెట్టింది, వెనక చక్రానికి రెండు బొట్లు పెట్టింది. చైతూ నిజంగానే ఆవకాయ సీసా గుండెలకి హత్తుకుని నడిచాడు. ఎదురొచ్చినవాళ్లు దానికేసి అనుమానంగా చూశారు.

వేర్లు వచ్చాయి. వెనక చక్రం ఒక్కో వేరు ఎక్కింది, దిగింది, నాకు చెప్పకుండానే తన పని తాను చూసుకుంది. టక్కు లేదు, ఎగరడం లేదు. ఆ ఎత్తు వచ్చింది. సగం దాకా వచ్చాను, మొద్దు దాటాను. చేతులు కాలిపోతున్నాయి, చెమట కళ్లలోకి వచ్చింది. చక్రం జారింది, చచ్చాం రా దేవుడా అనుకున్నాను. మరుక్షణం నేలని పట్టుకుంది. వెనకాల ఎవరి ఊపిరీ వినపడలేదు, నాదే వినపడింది. "రానీ రానీ బావా, రానీ!" అని కింది నుంచి చైతూ అరుపు. తిప్పాను, తిప్పాను, తిప్పాను. ముందు చక్రాలు ఒక్కసారిగా చదునుగా పడ్డాయి. పైకి వచ్చేశాను.

పైనుంచి చెట్ల సందుల్లో నీళ్లు కనిపించాయి. సరస్సు అంటారు కానీ, అవతలి ఒడ్డు కనపడదు, సముద్రమే. ముగ్గురం పులిహోర తిన్నాం. ఏ పెళ్లి భోజనమూ అంత రుచిగా తినలేదని ఒట్టేసి చెబుతున్నాను. సుజాత నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని బొబ్బలు చూసి, ఇంకో ముద్ద కలిపి పెట్టింది.

మిగిలిన రెండున్నర మైళ్లూ దిగుడే. బ్రేకు కొంచెం కొంచెంగా వదిలాను. బండి ఊపందుకుంది. పండుటాకులు మొహం మీదుగా పోయాయి. గుంట వస్తే దిగింది, వేరు వస్తే లేచింది, నా నడుం మాత్రం ఉన్నచోటే ఉంది. నా జీవితంలో నేనెప్పుడూ పరుగెత్తలేదు. పరుగెత్తడం అంటే బహుశా ఇదే అయి ఉంటుంది. పిచ్చి కేకలు పెట్టాను. వెనకాల సుజాత ఏదో అరిచింది, నాకు వినపడలేదు. వినపడినా ఆగేవాణ్ణి కాదు.

చెట్లు అయిపోయాయి. గులకరాళ్లు, వాటి మీద అల. బ్రేకు వేశాను. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క చెయ్యి పడలేదు. ఎవరికైనా చెబుదామని తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. డేల్ ట్రక్కు కూడా రాలేదు. అయిదు నిమిషాలైంది. పదైంది. ఒక పక్షి వచ్చి నన్ను చూసి పోయింది. దారి వంపు వైపు చూస్తూ కూర్చున్నాను.

చివరికి ఇద్దరూ వచ్చారు. చైతూ చేతిలో సీసా క్షేమంగా ఉంది. సుజాత చెప్పుల నిండా మట్టి, జుట్టు చెదిరిపోయింది, రొప్పుతోంది. నన్ను చూడగానే రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

"ఏమండీ, ఆ పరుగేంటి? వెనక మేం నడవలేక చస్తున్నాం, కనిపించట్లేదా? మా కోసం కాస్త ఆగొచ్చు కదా!"

నలభై ఆరేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇంకోసారి తిట్టవే," అన్నాను.